నేను చదవని వాక్యం

మా గూడెంలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. బ్యాంకు నోటీసైనా, కరెంటు బిల్లైనా, పోడు పట్టా గురించి తహసీల్దారు ఆఫీసు పంపిన చీటీ అయినా, అంగన్‌వాడీ గుమ్మం ముందు చెప్పులు విప్పి "టీచరమ్మా, ఇందుల ఏం రాసిండ్రో చూడు" అంటారు. నేను భద్రాచలం హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివాను. పాసయ్యానా లేదా అని ఎవరూ అడగరు, నేనూ చెప్పను. పిల్లలకు గుడ్లు ఉడకబెడుతూనే కాగితం చదువుతాను, మా కోయ భాషలో అర్థం చెబుతాను, ఒక్కోసారి తిడతాను కూడా. "పోయిన నెల వచ్చింది గదా ఇది, ఇన్ని రోజులు చూరుల ఎందుకు దోపినవ్?" అని. నాకు నోరు ఎక్కువని గూడెమంతా అంటారు. కానీ చదివితే ఉన్నదున్నట్టు చదువుతుందని కూడా అంటారు. ఆ రెండో మాట వింటే ఇప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాదు.

నా తమ్ముడు నాకంటే పదేళ్ళు చిన్న. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాడు. చెట్లు ఎదిగిన తోటల్లో పొడవాటి అల్యూమినియం గడకు కొడవలి బిగించి, తల వెనక్కి వాల్చి, మట్టల సందులో చూసుకుంటూ కోయాలి. గెల తెగి పడేటప్పుడు పక్కకు తప్పుకోవడమే సగం పని. వాడికి ఆ పనంటే గర్వం. తోట వాళ్ళిచ్చే గడ ముట్టుకోకుండా సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు. మూడు ముక్కలుగా విప్పి బండికి కట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో దాన్ని ఎవరైనా దాటితే గొడవే. "నీ రిజిస్టర్ నేనెప్పుడన్న తొక్కిన్నా అక్కా?" అనేవాడు. పెళ్ళి కాలేదు, సంబంధాలు చూస్తున్నాం. నాన్న ఎప్పుడో పోయాడు. ఇంట్లో వాడూ అమ్మా ఉండేవాళ్ళు, రెండిళ్ళ అవతల నా కాపురం.

వాడు చివరగా పని చేసిన తోట రైతు, వాగు దగ్గర రెండో మోటారు పెట్టుకుని, అక్కడిదాకా వెదురు గుంజల మీద పై తొడుగు లేని బోడి కరెంటు తీగ లాగించాడు. తీగ చెట్ల నడుమ నుంచి పోయేది. తీయించమని తమ్ముడు రెండుసార్లు చెప్పాడని నాకు తెలుసు, ఎందుకంటే ఇంటికొచ్చి నా దగ్గరే విసుక్కున్నాడు. "మట్టలల్ల తీగ కనపడ్తలేదక్కా. చెప్తే రేపు తీపిస్తా అంటడు. ఆ రేపు ఎప్పుడొస్తదో!" నేను నవ్వాను. నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ రోజు పదింటికి తోట నుంచి బండి మీద ఒకతను వచ్చి "మీ తమ్మునికి దెబ్బ తగిలింది" అన్నాడు. అతని మొహం చూస్తేనే అది దెబ్బ కాదని తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి వాణ్ణి ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి పైన టవల్ కప్పారు. కుడి చెయ్యి టవల్ బయట ఉంది. అరచేతి నడుమ చర్మం తెల్లగా ఉబ్బి, చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది. నేను ఆ వేళ్ళు మూసి, చెయ్యి లోపలికి పెట్టాను. ఎందుకలా మూశానో నాకే తెలియదు.

ట్రాక్టర్ వెనకే రైతు మా గూడేనికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పెద్దమనుషులు మా ఇంటి ముందు కూర్చున్నారు. ఆయన వాళ్ళ పక్కనే చాప మీద కూర్చుని, ముప్పై ఏళ్ళుగా మావాళ్ళతో పని చేయించుకుని నేర్చుకున్న మా భాషలోనే మెల్లగా చెప్పాడు: పోలీసులకు తెలిస్తే శవాన్ని దవాఖానాకు తీసుకుపోతారు, అక్కడ కోస్తారు, రెండు రోజులదాకా ఇవ్వరు.

కోస్తారు అన్న మాట చాలు. మావాళ్ళకు చావుకంటే ఆ కోతంటేనే భయం. కోసిన మనిషి చనిపోయిన పెద్దల్లో కలవడు, దారిలోనే ఆగిపోతాడని అమ్మ నమ్మకం, గూడెం నమ్మకం. ఇలా హఠాత్తుగా పోయిన మనిషిని పొద్దు గుంకకముందే మట్టి చెయ్యాలన్నది ఇంకో కట్టుబాటు. టీకాల రోజున తల్లులను నిలబెట్టి దబాయించే నేను ఆ రోజు ఒక్క మాట అడ్డు చెప్పలేదు. నాకా నమ్మకం లేదని చెప్పడానికి ఇప్పుడు కూడా నోరు రాదు.

తోట మేస్త్రీ చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. అప్పటికే రాసి ఉంది. శవం ఇంటికి చేరకముందే కాగితం ఎలా తయారైందని అడగాల్సింది. అడగలేదు. ఎప్పటిలాగే దాన్ని నా చేతిలో పెట్టి "చదువు బిడ్డా" అన్నారు పెద్దలు.

మొదటి వాక్యం నాలో నేనే చదువుకున్నాను. "సదరు వ్యక్తి ఉదయం నుండి కల్లు తాగిన మైకంలో ఉండి తోటలో పడిపోయి మరణించినాడు." దాని కింద, మాకు ఎవరి మీదా అనుమానం లేదని, పోలీసు కేసు వద్దని, తోట యజమానికి ఏ సంబంధమూ లేదని. ఆ కింద అన్ని కాగితాల్లో ఉండే మాటే: చదివి వినిపించగా విని, ఒప్పుకుని వేలిముద్ర వేసినారు.

నా తమ్ముడు పండక్కి తాగేవాడు, గూడెంలో తాగనివాళ్ళు ఎవరు? కానీ గెలలు కోసే రోజు చుక్క ముట్టేవాడు కాదు. తల వెనక్కి వాల్చి చేసే పని తాగి చేస్తే మెడ మీద గెల పడుతుందని వాడే చెప్పేవాడు. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. ఈ వాక్యం చదివితే అమ్మ కాగితం చింపేస్తుంది. గొడవవుతుంది. రైతు కోపంతో లేచిపోతాడు, ఫోన్ చేస్తాడు, పోలీసులొస్తారు, తమ్ముణ్ణి తీసుకుపోతారు. పొద్దు చూశాను. అప్పటికే పడమటికి వాలింది. అమ్మ వాడి పాదాలు పట్టుకుని కూర్చుని ఉంది.

"పని కాడ పడిపోయి చనిపోయిండు, మనకు ఎవరి మీద అనుమానం లేదు, కేసు వద్దు అని రాసిండ్రు" అని మా భాషలో చెప్పాను. కల్లు మాట వదిలేశాను.

రైతు తల ఎత్తి నన్ను చూశాడు. నేను ఏం వదిలానో ఆయనకు అర్థమైంది. సిరా డబ్బా అమ్మ వైపు జరిపాడు. అమ్మ వేలు తీసుకెళ్ళి ఆ వాక్యాల కింద ఒత్తారు. దాని పక్కన, చదివి వినిపించిన మనిషిగా, నేను సంతకం పెట్టాను.

సంతకం దగ్గర పడిపోయిన నోరు గొయ్యి దగ్గర లేచింది. మాలో మనిషి పనిముట్టు మనిషితోనే పోవాలి. లేకపోతే అక్కడ చేతులు ఖాళీగా ఉంటాయని అంటారు. గడ తీసుకురమ్మంటే మేస్త్రీ "అది తోట సామాను, అక్కడనే ఉండనీ" అన్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. అది నా తమ్ముడు కొనుక్కున్నది, ఇవ్వకపోతే నీ తోటకు వచ్చి నేనే తెచ్చుకుంటానని అరిచాను. రైతు కళ్ళతోనే ఇచ్చెయ్యమన్నట్టు సైగ చేశాడు. పిచ్చిది, ఏడుస్తోంది, ఆ గడ ముక్కలు ఇస్తే పోయేదేముంది అనుకుని ఉంటాడు. గడ మూడు ముక్కలుగా వచ్చింది. వాడి కుడి పక్కన నేనే పెట్టాను, కొడవలి పైన పెట్టాను. పొద్దు గుంకేలోపు అంతా అయిపోయింది.

తెల్లారి మావాళ్ళు ఇద్దరు తోటకు వెళ్ళి వచ్చారు. తీగ లేదు. గుంజలు పీకేసి గుంటలు పూడ్చి ఉన్నాయి.

ఆ వారం సంతలో కూరగాయలమ్మే ఆమె తూకం వేస్తూ వేస్తూ ఆగి, నిజంగానే జాలిపడుతూ "మంచి పిల్లగాడు, తాగుడు పాడు చేసింది గదమ్మా" అంది. నేను సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఈ మాట ఇవాళో రేపో అమ్మ చెవిన పడుతుంది. అమ్మ అడుగుతుంది, ఎవరన్నారు అని. కాగితంలోనే ఉంది అంటారు. కాగితం చదివింది ఎవరు?

అందుకే వకీలును వెతకడం మొదలుపెట్టాను. న్యాయం కోసమని అందరికీ చెప్పాను. నిజానికి అమ్మకు తెలిసేలోపు ఆ వాక్యాన్ని ఎలాగైనా అబద్ధమని రుజువు చేయించాలని నా ఆరాటం.

మొదట ఖమ్మం వెళ్ళాను. కోర్టు ఎదురుగా మేడ మీద పెద్ద వకీలు. బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, మంచినీళ్ళు తెప్పించాడు. ఎఫ్ఐఆర్ ఉందా, పోస్టుమార్టం అయిందా, తీగ ఫోటో ఏమన్నా ఉందా అని వరుసగా అడిగాడు. నేను వరుసగా లేదు లేదు లేదు అన్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏం పట్టుకోని పొమ్మంటవమ్మ నన్ను కోర్టుకు? ముందు స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యి, అది తీసుకోని రా."

స్టేషన్‌కు వెళ్ళాను. అక్కడ రాసుకునే అతను నా మాట సగం విని, లేచి, బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు. అందులో ఆ కాగితం జిరాక్సు ఉంది. మట్టి చేసిన మర్నాడే రైతు ఇచ్చి వెళ్ళాడట. "ఈ సంతకం మీదే గదా టీచరమ్మా?" అన్నాడు. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా, పిల్లల హాజరు పట్టీలో పెట్టినట్టే ఉన్నాయి. అవ్, నాదే అన్నాను. ఆయన ఫైలు మూసేశాడు. నేను లేచి వచ్చేశాను.

రెండో వకీలు కొత్తగూడెంలో దొరికాడు. కుర్రవాడు, హుషారు. నేను చెబుతుంటే బల్ల మీద కొట్టి "గిట్ల ఎట్ల చేస్తరు, విడిచిపెట్టొద్దు" అన్నాడు. ఆ మాటకే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం సంగతి మాత్రం చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. సోమవారం రమ్మన్నాడు. బస్సులో వెళుతున్నంతసేపు ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని కూడబలుక్కున్నాను. తీరా వెళ్ళి కూర్చుంటే, ఆయన నా మొహం చూడకుండా ఫోన్ చూసుకుంటూ, పెద్దవాళ్ళతో ఎందుకక్కా, రాజీ చేసుకోండి అన్నాడు. "మీ సంతకమే వాళ్ళ దగ్గరున్నదట గదా."

నేను చెప్పని సంగతి ఈయనకెలా తెలిసింది? ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. మర్యాదగా తిట్టడం నాకు చేతకాదు, అందుకని ఏమీ అనకుండానే మెట్లు దిగాను.

మర్నాడు రైతు అంగన్‌వాడీకి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. పిల్లలు అన్నం తింటున్నారు. "వకీళ్ళ చుట్టు తిరుగుతున్నవంట టీచరమ్మా. తిరుగు, కాదనను. మీ తమ్ముడు, నీ బాధ నీది." పిల్లల కంచాల వైపు చూశాడు. "మీ అమ్మకు ఆ కాగితం నేను ఒకసారి చదివి వినిపించాల్నా? మొత్తం?" నవ్వలేదు, బెదిరించలేదు. నువ్వు బాగుండాలని కోరే మనిషి అడిగినట్టే అడిగాడు. వెళ్ళిపోయాక నేను లోపలికి వచ్చి, ఏ పిల్లకు గుడ్డు పెట్టానో, ఎవరికి పెట్టలేదో గుర్తురాక మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఇద్దరికి రెండేసి వచ్చాయి.

ఆ రోజు నుంచి అమ్మ ఇంటి ముందు ఎవరి చెప్పులు కనబడ్డా ఆగి లోపలి మాటలు వినేదాన్ని. సాయంత్రం అమ్మతో మాట్లాడే ప్రతి మనిషి మొహం చూసేదాన్ని. అమ్మ కొంచెం ముభావంగా ఉంటే తెలిసిపోయిందనుకునేదాన్ని. కాసేపటికి అమ్మ ఏ మేకల గురించో అడిగేది, అప్పుడు ఊపిరి వచ్చేది. కేసు లేకపోయినా బతకగలను, అమ్మకు ఇది తెలిస్తే ఆమె కళ్ళలోకి ఎలా చూడను అన్నదే నా భయం. నలభై ఏళ్ళు దాటిన దాన్ని, నాకు పిల్లలున్నారు, అయినా అమ్మంటే అంత భయం వేసింది.

సెంటర్ పని మీద భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసుకు వెళ్ళినప్పుడు, బయట అర్జీలు రాసే ముసలాయన దగ్గర కూర్చున్నాను. ఆయనతో ఊరికే అన్నాను, చచ్చినోళ్ళ కేసులు చూసే వకీలు ఎవరన్నా ఉన్నారా అని. ఒక ఆడ వకీలు ఉంది, ఎక్కువ మాట్లాడదు, వెళ్ళి చూడు అన్నాడు. జిరాక్సు షాపు మీద గది. వరదలప్పుడు పైకి మోసుకొచ్చిన కింది షాపు సామాను ఇంకా ఒక మూల అట్టపెట్టెల్లోనే ఉంది. ఆమె నాకంటే చిన్నది. తెల్ల చీర, చేతికి గడియారం, టేబుల్ మీద టిఫిన్ డబ్బా.

నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కాగితం చదివి వినిపించింది ఎవరు?"

దాచడానికి నాకు సందు లేకపోయింది. "నేనే మేడం" అన్నాను. ఏం చదివానో చెప్పాను, ఏం వదిలానో చెప్పాను. ఇంత కాలంలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. రాసుకుంది. తర్వాత ఇంకా అడిగింది. ఆ రోజు పొద్దున ఏం తిని పోయాడు? అమ్మకు తెలుసు, నాకు తెలియదన్నాను. చెయ్యి ఎలా ఉంది? చెప్పాను. చేతిలో ఏముంది?

"గడ. అల్యూమినియం గడ."

"అదెక్కడున్నది?"

"వాని పక్కనే. మట్టిల."

అన్నాక నాకే అర్థమైంది. ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నా చేతులతో నేనే పూడ్చిపెట్టాను. మేస్త్రీతో పోట్లాడి మరీ తెచ్చి పూడ్చాను. బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను.

ఆమె నేను ఆపేదాకా ఆగింది. "తీగ ఎక్కడున్నదక్కా ఇప్పుడు?" అంది.

"లేదు. తీసేసిండ్రు."

"గడ బయట ఉంటే అది మాత్రం ఉంటుండెనా?"

నేను తల ఎత్తాను. కరెంటు తగిలిన చోట ఆ లోహం మీద కాలిన గుర్తు పడి ఉంటుందని, మట్టిలో ఉన్నా అది పోదని ఆమె చెప్పింది. మా ఆచారమే దాన్ని కాపాడిందని ఆమె అనలేదు, నేను అనుకున్నాను. కానీ అది బయటికి రావాలంటే గొయ్యి తవ్వాలి. తహసీల్దారు ముందు తవ్వి, డాక్టరు అక్కడే చూస్తాడు. గెలుస్తామని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. వానలు పడితే ఇంకా కష్టం. అడగాల్సింది కూడా నేను కాదు, కన్నతల్లి.

"ఇంకోటి" అంది పెన్ను మూస్తూ. "ఆ కాగితం సంగతి మీ అమ్మకు తెల్వకుండ నేను వకాలత్ తీసుకోను. రేపు కోర్టుల మీరే సాక్షి. అవతలి వకీలు మిమ్మల్ని అడిగే మొదటి మాట అదే. మీ అమ్మ ఆయన నోట వినాల్నా, మీ నోట వినాల్నా, మీరే ఆలోచించుకోండ్రి."

తిరిగి వచ్చే బస్సులో పాల్వంచ దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

వారం రోజులు చెప్పలేకపోయాను. గొయ్యి తవ్వే సంగతి మాత్రం చెప్పాను. అమ్మ విన్న వెంటనే వద్దంది. "వాణ్ణి కోయొద్దనే గదా ఆ రోజు అంతా చేసినం. ఇప్పుడు లేపి కోస్తే ఆ రోజు చేసిందానికి అర్థం ఏంది?" అంది మా భాషలో. తీగ గురించి చెప్పాను. రైతు చేసింది తప్పు అన్నాను. వాడి తప్పు వాడిది, నా కొడుకు నిద్ర నాది అంది. ఇంక ఒక్క మాటే మిగిలింది చెప్పడానికి. అది నోటి దాకా వచ్చి ఆగిపోయేది. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం ఆకాశం చూసి, చెప్పెయ్యి, చెప్పెయ్యి అనుకునేదాన్ని. మొగులు విడిపోయేది, నేను ఇంకో రోజు దొరికిందని సంతోషపడేదాన్ని. సిగ్గు లేదు నాకు.

చివరకు, వాడు ఆ పొద్దున ఏం తిన్నాడని వకీలమ్మ అడిగిందని మాటల్లో అన్నాను. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"గట్లడిగిందా?"

"అవ్."

"ఇన్నాళ్ళల్ల ఎవరూ అడగలేదు" అంది. చేట పక్కన పెట్టి, "నేనొచ్చి చెప్తా. తవ్వొద్దని కూడా నేనే చెప్తా" అంది.

ఇద్దరం భద్రాచలం వెళ్ళాం. అమ్మ ఆ గదిలో కుర్చీ మీద కూర్చోకుండా కింద కూర్చుంటే, వకీలమ్మ కూడా కుర్చీ వెనక్కి జరిపి, వచ్చి కిందే కూర్చుంది. అమ్మ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. రాత్రి మిగిలిన చేపల కూర, జొన్న గటక. రెండోసారి పెట్టించుకున్నాడు. వంగితే కడుపు బరువవుతుందిరా అంటే, నేను పైకి చూసి చేసే పని గదా అమ్మా అన్నాడు. చెంబెడు మజ్జిగ తాగాడు. బండి ఎక్కేటప్పుడు సాయంత్రానికి చింతచిగురు కోసి పెట్టమన్నాడు. వకీలమ్మ చింతచిగురుతో సహా అన్నీ రాసుకుంది. ఇంతదాకా ఏడవని అమ్మ అక్కడ కొంచెం ఏడ్చింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, గొయ్యి తవ్వొద్దంది.

వకీలమ్మ అమ్మను చూడలేదు, నన్ను చూసింది. "కింద జిరాక్సు తీయించుకొని వస్తా" అని ఒక ఫైలు పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఇంక నేను తప్ప ఆ గదిలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"అమ్మా, ఆ రోజు కాగితం నేను మొత్తం చదవలేదు" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది.

"అందుల, వాడు పొద్దటి నుంచి కల్లు తాగి ఉన్నడని రాసిండ్రు. తాగి పడి చచ్చిండని. నేను అది వదిలేసిన. నువ్వు వింటే ఒప్పుకోవని. పొద్దు గుంకుతదని." ఇంకా ఏవో చెప్పబోయాను, వాణ్ణి కోయకుండా ఉండడానికే అని, నీ కోసమే అని. ఏ మాటా నిలబడలేదు.

అమ్మ అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. "నీకు ఆ రోజే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"ఆ తోటాయనకు, నువ్వు వదిలినట్టు?"

"ఆయనకూ తెలుసు."

"అయితే అక్కడ కూర్చున్నోళ్ళల్ల తెల్వంది నాకొక్కదానికే." తన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకుంది. "నా కొడుకు తాగి చచ్చిండని నేనే వేలు పెట్టిన్నా?" అంది. ఇన్నాళ్ళూ ఆమె నన్ను ఎలా చూస్తుందోనని భయపడ్డాను. ఆ మాట విన్నాక ఆమె నన్ను అసలు చూడనే లేదు. నా భయమంతా నా గురించే అని అప్పుడు తెలిసింది, దానికి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

వకీలమ్మ పైకి వచ్చింది. అమ్మ ఆఫీసుల్లో తెలుగు మాట్లాడదు, నా చేతే చెప్పిస్తుంది. అప్పుడు మాత్రం నన్ను అడగలేదు. "తవ్వుండ్రి" అంది తెలుగులో. "మళ్ళ మట్టి నేనే పోస్త."

వకీలమ్మ టైపు చేసి ఉంచిన అర్జీ, వకాలత్ కాగితం తెచ్చి అమ్మ ముందు నేల మీద పెట్టింది. సిరా డబ్బా మూత తీసింది. ఎక్కడ వెయ్యాలో వేలితో చూపించింది. అమ్మ చెయ్యి చాపలేదు. రెండు కాగితాలూ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"చదువు" అంది. "ఈసారి అంతా."

చదివాను. కోర్టు పేరు దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరుసా తెలుగులో పైకి చదివి, మా భాషలో చెప్పాను. ఖాళీగా వదిలిన చోట ఖాళీ ఉందని చెప్పాను. అర్జీలో సగం దాటాక ఆ వాక్యం వచ్చింది. మొదటి కాగితంలో ఏమని రాశారో అది అబద్ధమని చెప్పాలంటే, ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి కదా. సదరు వ్యక్తి ఉదయం నుండి. అక్కడ ఆగాను. కింద జిరాక్సు మిషన్ చప్పుడు వినిపిస్తోంది. వకీలమ్మ నీళ్ళ సీసా నా వైపు జరిపింది.

"ఆగకు" అంది అమ్మ.

చదివాను. మా భాషలోకి మార్చి, ఒక్క మాట తగ్గకుండా చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆ తర్వాత వాక్యాలు కూడా విని, చివరన తేదీ విని, ఇంకేమన్నా ఉందా అని అడిగింది. ఇంకేం లేదమ్మా అన్నాను. కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి, వెనక వైపు కూడా తనే చూసుకుని, అప్పుడు వేలు చాపింది.